అడవి టర్కీలు దిగే మేత మడి: అర ఎకరంలో ఎలా వేయాలి

అమెరికాలో, జార్జియాలోనో, కరొలినాల్లోనో ఊరికి దూరంగా పది ఇరవై ఎకరాలు కొన్న మనవాళ్లు అందరూ అడిగే ప్రశ్న ఒకటే: "టర్కీలు రావాలంటే ఏ విత్తనం చల్లాలి?" చాలామంది జవాబు కోసం ఆగరు. కొమ్ముల జింక బొమ్మ ఉన్న సంచి కొని తెచ్చి, ఉన్న గడ్డి మీదే చల్లి, వాన కోసం చూస్తారు. రెండు నెలల తర్వాత అదే ప్రశ్న మళ్లీ అడుగుతారు. ఈ పనిలో విత్తనం తర్వాతి మాట. ముందు చోటు, తర్వాత మట్టి పరీక్ష, ఆపైన పాత గడ్డిని చంపడం. ఈ మూడూ సరిగ్గా జరిగితే చవక విత్తనమైనా నిలబడుతుంది. జరగకపోతే ఎంత ఖరీదైన సంచీ పనికిరాదు.

ఇక్కడి తేదీలూ కొలతలూ జార్జియా, అలబామా, కరొలినాలు, టెనెసీ నేలలకు, అక్కడ తిరిగే తూర్పు రకం టర్కీకి సరిపోతాయి. ఒహాయో, పెన్సిల్వేనియా వైపు ఉన్నవాళ్లు శీతాకాలపు విత్తనాన్ని మూడు నాలుగు వారాలు ముందే వేసుకోవాలి. టెక్సస్‌లో డాలస్‌కు పడమటి వైపు తిరిగేది రియో గ్రాండే రకం. అక్కడ వాన తక్కువ కాబట్టి లాడినో క్లోవర్ (క్లోవర్ అంటే చిక్కుడు జాతికి చెందిన మూడాకుల మేత మొక్క) జోలికి పోకుండా గోధుమ, ఓట్స్ నమ్ముకోవడం మేలు.

టర్కీకి ఏం కావాలి

పెట్ట వసంతంలో నేల మీదే గూడు కట్టి పది పన్నెండు గుడ్లు పెడుతుంది. 28 రోజులు పొదుగుతుంది. పుట్టిన పిల్లలు దాదాపు రెండు వారాల దాకా ఎగరలేవు, రాత్రిళ్లు తల్లి రెక్కల కింద నేల మీదే పడుకుంటాయి. ఆ రోజుల్లో వాటి తిండి దాదాపు అంతా పురుగులే: మిడతలు, పెంకు పురుగులు, సాలీళ్లు. అందుకే మంచి మడి మే, జూన్, జూలై నెలల్లో పురుగులను పెంచాలి. పైన ఆకు కప్పి గద్ద కంటికి అడ్డుపడాలి, కింద మొదళ్ల మధ్య పిల్ల పరిగెత్తేంత ఖాళీ ఉండాలి. క్లోవర్, గోధుమ కలిపి వేస్తే ఆ రెండూ కుదురుతాయి. పచ్చిక కోసం ఎక్కడ చూసినా వేసిన టాల్ ఫెస్క్యూ గడ్డి దీనికి పూర్తిగా విరుద్ధం. అది చాపలా అల్లుకుంటుంది, అందులో పిల్ల దూరలేదు. దూరినా మంచుకు తడిసి చలికి చస్తుంది.

ముందు చట్టం చూసుకోండి

సొంత నేలలో మడి వేయడానికి మామూలుగా ఎవరి అనుమతీ అక్కర్లేదు. వేట దగ్గరే చిక్కు. చాలా రాష్ట్రాల్లో గింజలు పోసి ఎర పెట్టి టర్కీని వేటాడటం నేరం. మామూలు సేద్యంలా విత్తిన పైరు దగ్గర వేటాడటానికి అడ్డులేదు. ఆ గీత ఎక్కడ పడుతుందో మీ రాష్ట్ర వన్యప్రాణి శాఖ నియమాల పుస్తకంలో ఏటా చూసుకోండి. గువ్వలు, బాతులు వలస పక్షులు కాబట్టి వాటికి ఫెడరల్ నియమాలు. నిలిచి ఉన్న పైరును కోసి గింజ రాల్చి గువ్వలను వేటాడవచ్చు, బాతుల విషయంలో అదే పని ఎర కిందికి వస్తుంది. ఎర వేసిన చోటును అది పూర్తిగా తీసేసిన తర్వాత కూడా పది రోజుల పాటు ఎర ఉన్న చోటుగానే లెక్కిస్తారు.

హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. ఫెడరల్ చట్టం ప్రకారం వాళ్లు మామూలుగా తుపాకీ దగ్గర ఉంచుకోకూడదు. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవాళ్లకు మినహాయింపు ఉంది. స్నేహితుడి మాట మీద కాకుండా లాయర్ని అడిగి ముందుకు వెళ్లండి. చూడటానికీ ఫొటోలకూ మడి వేసేవాళ్లకు ఈ బాధ లేదు.

కావలసినవి (అర ఎకరానికి)

- శుభ్రమైన ప్లాస్టిక్ బకెట్, చేతిపార లేదా మట్టి గొట్టం
- పరీక్ష రిపోర్టు చెప్పినంత సున్నం, ఎరువు
- 41 శాతం గ్లైఫోసేట్ (గడ్డిమందు), నాప్‌సాక్ లేదా ఏటీవీ (నాలుగు చక్రాల చిన్న పొలం బండి) స్ప్రేయర్, చేతి తొడుగులు, కళ్లద్దాలు
- డిస్క్ హారో లేదా రోటవేటర్ (అద్దెకు దొరుకుతాయి)
- కల్టీప్యాకర్ అనే ఇనుప రోలర్. లేకపోతే ఏటీవీ టైర్లు
- మెడలో వేసుకుని చేత్తో తిప్పే విత్తన స్ప్రెడర్
- ముళ్లు లేని రకం విత్తన గోధుమ 25 పౌండ్లు, క్రిమ్సన్ క్లోవర్ 7 పౌండ్లు, లాడినో తెల్ల క్లోవర్ 2 పౌండ్లు
- క్లోవర్‌కు పట్టించే రైజోబియం కల్చర్ (వేళ్ల దగ్గర నత్రజని పట్టే సూక్ష్మజీవుల పొడి)
- నాలుగడుగుల ఎత్తు తీగ వల 13 అడుగులు (ఎందుకో చివర్లో చెబుతాం)

1. చోటు ఎంచుకోండి

అర ఎకరం అంటే 21,780 చదరపు అడుగులు. తెలంగాణ లెక్కలో 20 గుంటలు, ఆంధ్ర లెక్కలో 50 సెంట్లు. మొదటిసారికి అంత చాలు. పావు ఎకరం కంటే తగ్గితే జింకలే మొత్తం నమిలేస్తాయి. మడికి రోజుకు ఆరు గంటల ఎండ తగలాలి. వెడల్పు కనీసం 100 అడుగులు ఉండేలా చూడండి. సన్నటి పట్టీ అయితే రెండు వైపుల చెట్లూ ఎండను ఆపుతాయి, వేళ్లతో తేమ లాగేస్తాయి. పైగా టర్కీ కంటిచూపును నమ్ముకున్న పక్షి. దూరం నుంచి వచ్చే కయోటీ (నక్కలాంటి అడవి జంతువు) కనిపించని చోట నిశ్చింతగా మేయదు.

అడవికీ మడికీ మధ్య 20-30 అడుగుల పట్టీలో కలుపూ, బ్లాక్‌బెర్రీ పొదలూ పెరగనివ్వండి. శుభ్రంగా కనిపించాలని దాన్ని కూడా కోసేస్తే పెట్ట గూడు పెట్టే చోటే పోతుంది. రోడ్డు మీద నుంచి కనిపించే చోట మడి వేస్తే దొంగవేటగాళ్లకు పిలుపు పంపినట్టే.

2. మట్టి పరీక్ష: మార్చిలోనే

సెప్టెంబరులో విత్తనానికి మార్చిలో మట్టి తీయాలి. ఎందుకంటే సున్నం పనిచేయడానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. మడిలో 10-15 చోట్ల 4-6 అంగుళాల లోతు దాకా మట్టి తీసి ప్లాస్టిక్ బకెట్లో కలపండి. జింకు పూత బకెట్ వాడితే రిపోర్టులో జింకు లెక్క తప్పుతుంది. రాళ్లు, వేళ్లు ఏరేసి, కలిపిన మట్టిలో ఒక పెద్ద గ్లాసుడు మీ కౌంటీ ఎక్స్‌టెన్షన్ ఆఫీసుకు (వ్యవసాయ సలహా కార్యాలయం) ఇవ్వండి. పైరు పేరు దగ్గర "క్లోవర్" అని తప్పకుండా రాయండి. రాయకపోతే లాన్ గడ్డికి సరిపడే సిఫారసు వస్తుంది.

క్లోవర్‌కు పీహెచ్ (నేల పులుపు కొలత, తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 6.2-7.0 ఉండాలి. ఆగ్నేయ రాష్ట్రాల్లో పైన్ చెట్లు కొట్టిన నేల 5 చుట్టూ ఉండటం మామూలే. అలాంటి చోట ఎంత ఎరువు పోసినా మొక్క అందుకోలేదు, డబ్బు మట్టిపాలు. రిపోర్టు ఎకరానికి 2 టన్నుల సున్నం అన్నదనుకోండి. అర ఎకరానికి 1 టన్ను, అంటే 2,000 పౌండ్లు, అంటే 40 పౌండ్ల గుళికల సున్నం సంచులు 50. ఈ లెక్క చూసి జడిసి పది సంచులతో సరిపెట్టేవాళ్లే ఎక్కువ. ఖర్చు భారమైతే మడి సైజు సగానికి తగ్గించండి, సున్నం మోతాదు తగ్గించొద్దు. లారీ వెళ్లే దారి ఉంటే పొడి సున్నం టన్నుల లెక్కన చల్లించుకోవడం చాలా చవక.

క్లోవర్ తన నత్రజని తానే తయారుచేసుకుంటుంది. గోధుమ ఉంది కాబట్టి విత్తేటప్పుడు ఎకరానికి 30 పౌండ్ల నత్రజని చాలు. అంతకు మించితే గోధుమా, గడ్డీ ఏపుగా లేచి క్లోవర్‌ను నీడలో కప్పేస్తాయి. భాస్వరం, పొటాష్ మాత్రం రిపోర్టు చెప్పినంతా వేయండి.

3. పాత గడ్డిని చంపండి

జూలై నెలాఖరున, గూళ్ల కాలం దాటాక గడ్డిని 6-8 అంగుళాలకు కోయండి. రెండు మూడు వారాలు మళ్లీ చిగురించనివ్వండి. ఆగస్టు మధ్యలో, గాలి లేని ఉదయం, పచ్చగా పెరుగుతున్న గడ్డి మీద గ్లైఫోసేట్ కొట్టండి. 41 శాతం మందుకు డబ్బా మీద గడ్డిని బట్టి ఎకరానికి సాధారణంగా 1-2 క్వార్టులని (క్వార్టు అంటే దాదాపు లీటరు) ఉంటుంది. డబ్బా మీద ఉన్నదే చట్టం. మందు వేళ్ల దాకా దిగాలి కాబట్టి వారం పది రోజులు నేలను కదపొద్దు. కరువుకు ఎండిన గడ్డి మీద కొడితే మందు లోపలికి పోదు. బెర్ముడా గడ్డి ఉంటే ఒక్కసారితో చావదు, మళ్లీ చిగురు కనిపించిన వెంటనే రెండోసారి కొట్టాలి.

మందు వాడటం ఇష్టం లేనివాళ్లు ఆగస్టు మొదటి నుంచి రెండు వారాల తేడాతో మూడుసార్లు దున్నవచ్చు. చిన్న మడి ముక్కకైతే నల్ల ప్లాస్టిక్ పట్టా 6-8 వారాలు కప్పి ఉంచినా సరిపోతుంది. వాలు నేలలో మాత్రం పదే పదే దున్నితే వానకు పైమట్టి కొట్టుకుపోతుంది.

4. నేలను గట్టిపరచండి

మూడు నాలుగు అంగుళాల లోతు డిస్కులు తిప్పండి. పెడ్డలు పగిలాక రోలర్ నడపండి. మన ఊళ్లో గుల్లగా దున్నిన నేలే మంచి నేల అంటాం, క్లోవర్‌కు అది తిరగబడుతుంది. ఆవగింజ కంటే చిన్న విత్తనం గుల్ల మట్టిలో లోతుకు జారి మొలవకుండా పోతుంది. బూటుతో నడిచి చూడండి. ముద్ర అర అంగుళం కంటే లోతు దిగితే ఇంకోసారి రోలర్ నడపాలి.

5. విత్తనం చీటీ చదివి కొనండి

సంచి ముందువైపు బొమ్మ కాదు, వెనక కుట్టిన చిన్న చీటీ చూడాలి. స్వచ్ఛత శాతం, మొలక శాతం, పరీక్ష చేసిన నెల, కలుపు విత్తనాల శాతం అందులో ఉంటాయి. పైపూత (కోటింగ్) వేసిన క్లోవర్ విత్తనం అయితే బరువులో మూడో వంతు పూతే కావచ్చు. అలాంటప్పుడు పైన చెప్పిన 2 పౌండ్లకు 3 పౌండ్లు కొనాలి. ప్రమాదకర కలుపు అన్న గడి ఖాళీగా ఉండాలి. మన తోటకూర జాతికే చెందిన పామర్ అమరాంత్ చవక మిశ్రమాల్లో కలిసి వచ్చిందంటే ఆ పొలాన్ని ఏళ్ల తరబడి వదలదు.

రెండు పేర్ల దగ్గర జాగ్రత్త. సీరియల్ రై ధాన్యపు పైరు, గోధుమ దొరకకపోతే దాని బదులు వేసుకోవచ్చు. రైగ్రాస్ గడ్డి. చవకగా, పచ్చగా వస్తుంది, క్లోవర్‌ను మింగేస్తుంది, తర్వాత పోదు. అలాగే సెరీసియా లెస్పిడీజా, ఆటమ్ ఆలివ్ పక్షులకు మంచివని పాత పుస్తకాల్లో కనిపిస్తాయి. రెండూ ఇప్పుడు అడవులను ఆక్రమిస్తున్న మొక్కలు, వేయొద్దు. దాణా గోధుమ కూడా వద్దు. దాని మొలక శాతం ఎవరూ పరీక్షించి ఉండరు.

6. రైజోబియం పట్టించండి

పైపూత లేని క్లోవర్ విత్తనానికి ఇది తప్పదు. వేరుశనగకు బెల్లం నీళ్లతో కల్చర్ పట్టించినట్టే ఇక్కడా. విత్తనాన్ని పంచదార నీళ్లతో తడి తగిలీ తగలనట్టు తడిపి, కల్చర్ పొడి చల్లి, నీడలో కలిపి, అదే రోజు విత్తండి. ఎండలో ఉంచినా, కారు డిక్కీలో వదిలేసినా సూక్ష్మజీవులు చనిపోతాయి. క్లోవర్ కల్చర్ వేరు, బొబ్బర్ల కల్చర్ వేరు. ఒకదాని బదులు ఇంకొకటి పనిచేయదు. పాకెట్ మీద గడువు తేదీ చూడండి.

7. విత్తండి

సెప్టెంబరు 10 నుంచి అక్టోబరు 10 లోపు, రెండు మూడు రోజుల్లో వాన సూచన ఉన్నప్పుడు. తొలి గడ్డకట్టే చలికి ముందే మొలక లేచి నిలదొక్కుకోవాలి.

వరుస ముఖ్యం. ముందు గోధుమ చల్లి తేలికగా డిస్కు తిప్పితే అంగుళం లోతున పడుతుంది. దాని మీద రోలర్. ఆ గట్టి నేల మీద క్లోవర్ చల్లి, మళ్లీ రోలర్. అంతే. క్లోవర్ చల్లాక డిస్కు గానీ గొర్రు గానీ తిప్పితే ఆ విత్తనం పోయినట్టే. దానికి పావు అంగుళం మట్టి చాలు. పైన కొన్ని గింజలు కంటికి కనిపిస్తుంటే లోతు సరిగ్గా ఉందన్నమాట.

రెండు పౌండ్ల సన్న విత్తనాన్ని అర ఎకరమంతా సమంగా చల్లడం కొత్తవాళ్లకు కష్టం. పావు వంతు మడి దాటేసరికి సంచి ఖాళీ అవుతుంది. రెండు క్లోవర్‌లూ కలిపి, దానికి రెండింతల పొడి ఇసుక చేర్చి, రెండు సమభాగాలు చేయండి. ఒక భాగం ఉత్తర దక్షిణంగా నడుస్తూ, రెండోది తూర్పు పడమరగా నడుస్తూ చల్లండి. స్ప్రెడర్ మూత సన్నగా పెట్టి మొదలెట్టండి. మిగిలితే ఇంకో చుట్టు నడవవచ్చు, అయిపోతే చేసేదేమీ లేదు. ముందే కొలిచి చూసుకోవాలనుకుంటే 66 అడుగుల చదరం గీయండి. అది ఎకరంలో పదో వంతు. దానికి క్లోవర్‌లు రెండూ కలిపి 1.8 పౌండ్లు, అంటే 800 గ్రాముల పైచిలుకు పడాలి.

గులాబీ, నీలి రంగు మందు పట్టించిన గోధుమ వాడితే నేల మీద ఒక్క గుప్పెడు కూడా ఒలికి ఉండకూడదు. పక్షులకు అది విషం కావచ్చు. దొరికితే మందు లేనిదే కొనండి.

8. తొలి ఆరు వారాలు

గోధుమ వారంలో, క్లోవర్ పది రోజుల్లో కనిపిస్తుంది. సెప్టెంబరులో గోధుమ మొలక రాత్రికి రాత్రి మాయమైతే జింకల మీద అనుమానం పెట్టుకునే ముందు తెల్లవారుజామున టార్చితో వెళ్లి చూడండి. మన మొక్కజొన్నను 2018 నుంచి పీడిస్తున్న కత్తెర పురుగుకు పుట్టిల్లు ఈ ఖండమే. చదరపు అడుగుకు రెండు మూడు పురుగులు కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఎక్స్‌టెన్షన్ ఆఫీసును అడిగి మందు కొట్టండి. ఏటా ఈ బాధ ఉన్న ప్రాంతంలో అక్టోబరు మొదటి వారం దాకా ఆగి విత్తడమే తేలిక.

మూడో వారంలో ఒక చదరపు అడుగు గీసి క్లోవర్ మొలకలు లెక్కపెట్టండి. పన్నెండు పైన ఉంటే నిశ్చింత. ఐదారే ఉంటే ఇప్పుడేమీ చేయొద్దు. ఫిబ్రవరిలో, రాత్రి గడ్డకట్టి పగలు కరిగే రోజుల్లో, పొద్దున్నే నెర్రెలిచ్చిన నేల మీద అర ఎకరానికి ఒకటిన్నర పౌండ్ల లాడినో చల్లండి. గడ్డకట్టి కరిగే నేలే విత్తనాన్ని లోపలికి లాక్కుంటుంది. ఉత్తరాది రాష్ట్రాల్లో ఈ పద్ధతి ఇంకా బాగా పనిచేస్తుంది.

9. వసంతం, వేసవి: కోతకు తొందరపడొద్దు

ఏప్రిల్‌లో క్రిమ్సన్ క్లోవర్ ఎర్రగా పూస్తుంది. పూత అయిపోయాక చూడటానికి బాగాలేదని కోసేయాలనిపిస్తుంది. ఆగండి. మే నెలలో అది గింజ రాలిస్తే వచ్చే శరదృతువుకు మళ్లీ దానంతట అదే మొలుస్తుంది. గోధుమ కంకులూ అలాగే వదిలేయండి. మే చివర్లో టర్కీలు కంకిని ముక్కుతో పట్టి లాగి దూస్తాయి, కింద పిల్లలు పురుగులు ఏరుకుంటాయి. ఏప్రిల్ నుంచి జూలై మధ్య దాకా మడిలో గానీ అంచుల్లో గానీ యంత్రం దించొద్దు. పొదిగే పెట్ట ఆఖరి క్షణం దాకా లేవదు, బ్లేడు కింద పడిపోతుంది.

ఆగస్టులో ఒకసారి 6-8 అంగుళాల ఎత్తున కోస్తే చాలు. గడ్డి జాతి కలుపు బాగా లేస్తే, అది ఆరు అంగుళాలు దాటకముందే, క్రాప్ ఆయిల్ కలిపిన క్లెథోడిమ్ కొట్టండి. అది గడ్డిని చంపి క్లోవర్‌ను వదిలేస్తుంది. గోధుమ కూడా గడ్డి జాతే కాబట్టి కంకులు అయిపోయాకే ఈ పని. వెడల్పాకు కలుపుకు క్లోవర్ మీద లేబుల్ ఉన్నది 2,4-డీబీ. దుకాణంలో పక్కనే ఉండే 2,4-డీ వేరు, అది కొడితే క్లోవరూ మాడిపోతుంది. చివరి ఒక్క అక్షరం కోసం డబ్బా రెండుసార్లు చదవండి.

చూఫా: ఇసుక నేల ఉన్నవాళ్లకు

మీ నేల ఇసుక కలిసినదైతే టర్కీకి చూఫాను మించిన శీతాకాలపు మేత లేదు. ఇది మన తుంగకు దగ్గరి చుట్టం. పేరు వినగానే మనవాళ్లు వెనక్కి తగ్గుతారు, జీవితమంతా తుంగ పీకినవాళ్లకు డబ్బిచ్చి తుంగ కొనమంటే ఎలా ఉంటుంది! సాగు రకం చూఫా మన తుంగలా మొండిది కాదు, చలికి పైమొక్క చచ్చిపోతుంది. అయినా కూరగాయల మడికి దూరంగానే వేయండి.

మే, జూన్ నెలల్లో అర ఎకరానికి 20-25 పౌండ్ల గడ్డలు చల్లి ఒకటిన్నర అంగుళం లోతుకు డిస్కు తిప్పండి. మొక్క 6-12 అంగుళాలు ఉన్నప్పుడు, వానకు ముందు, అర ఎకరానికి 50 పౌండ్ల యూరియా వేయండి. దాదాపు వంద రోజులకు వేళ్లకు గడ్డలు పడతాయి. బంకమట్టిలోనూ మొక్క పెరుగుతుంది, కానీ టర్కీ తవ్వలేదు. పైన పచ్చగా ఉండి కింద గడ్డలు అలాగే మిగిలిపోవడానికి కారణం అదే.

ఇంకో చిక్కు. చూఫా ఎప్పుడూ చూడని టర్కీలకు అది తిండి అని తెలియదు, మడి మీదుగా నడిచి వెళ్లిపోతాయి. నవంబరులో ఆకు పండాక అక్కడక్కడ పదీ ఇరవై మొక్కలు పీకి వేళ్లు పైకి పెట్టండి. ఒక్క గుంపు రుచి చూస్తే చాలు, తర్వాత నేలంతా గోతులు చేస్తాయి. వేట కాలం నడుస్తుంటే ఇది మీ రాష్ట్రంలో ఎర కిందికి వస్తుందేమో ముందు అడగండి. అడవి పందులు తిరిగే చోట చూఫా వేయనే వేయొద్దు, ఒక్క రాత్రిలో మొత్తం దున్నేస్తాయి. ఒకే చోట రెండేళ్ల కంటే ఎక్కువ వేస్తే పురుగు చేరి గడ్డలు డొల్లగా తయారవుతాయి.

మనకు తెలిసిన గింజలే

వేసవి మడికి అమెరికన్ దుకాణాల్లో అమ్మే విత్తనాల్లో సగం మన చేల నుంచి తెలిసినవే. బ్రౌన్‌టాప్ మిల్లెట్ అంటే అండుకొర్రలు: ఎకరానికి 20-25 పౌండ్లు, రెండు నెలల్లో గింజ, గువ్వలకూ కౌజు పిట్టలకూ టర్కీలకూ ఇష్టం. పెర్ల్ మిల్లెట్ సజ్జలు, ప్రోసో వరిగలు. జపనీస్ మిల్లెట్ మన ఊదలకు దగ్గరిది, నీరు నిలిచే చోట బాతులకు. ఐరన్ అండ్ క్లే అంటూ అమ్మేవి బొబ్బర్లే: ఎకరానికి 50-75 పౌండ్లు, అంగుళం లోతు. ఇవి జింకలకు ప్రాణం, రెండెకరాల కంటే చిన్న మడిలో నాలుగాకులు దాటనివ్వవు. జనుము కూడా దొరుకుతుంది, జింకలు మేస్తాయి, నేలకు పచ్చిరొట్ట. క్రోటలేరియా జాతికి కొన్ని రాష్ట్రాల్లో ఆంక్షలు ఉన్నాయి కాబట్టి ముందు కనుక్కోండి. ఇండియన్ స్టోర్‌లో కొన్న కొర్రలు, సజ్జలు చల్లొద్దు. పొట్టు తీసినవి మొలవవు, తీయనివాటికి కలుపు పరీక్ష ఉండదు.

మొక్కజొన్న పోసే ఫీడర్ గురించి ఒక్క మాట. తడిసి బూజు పట్టిన మొక్కజొన్నలో అఫ్లాటాక్సిన్ అనే విషం చేరుతుంది, అది టర్కీలకు ప్రమాదం. ఫీడర్ కింద రకూన్లు కూడా పోగవుతాయి, గుడ్లు తినేది అవే. మడి ఉన్నవాళ్లకు ఫీడర్ అవసరం లేదు.

పనిచేసిందో లేదో ఎలా తెలుస్తుంది

మడి పొట్టిగా, బోసిగా ఉంటే విత్తనం విఫలమైందని చాలామంది మళ్లీ దున్నేస్తారు. చాలాసార్లు అది తిన్న మడి, చచ్చిన మడి కాదు. ఇక్కడే తీగ వల కావాలి. విత్తిన రోజే 13 అడుగుల వలను గుండ్రంగా చుడితే నాలుగడుగుల వెడల్పు పంజరం అవుతుంది. మడి మధ్యలో నిలిపి మేకులు కొట్టండి. జనవరిలో లోపలా బయటా ఎత్తు పోల్చండి. లోపల ఎనిమిది అంగుళాలు, బయట రెండు అంగుళాలు ఉంటే మడి బ్రహ్మాండంగా పనిచేస్తోంది, కాకపోతే జింకలకు చిన్నది. లోపలా బయటా రెండే అంగుళాలుంటే లోపం మట్టిది, పీహెచ్ మళ్లీ చూడండి. లోపలా బయటా ఎనిమిది ఉంటే తినేవాళ్లే రావట్లేదు.

వచ్చింది టర్కీలేనా అన్నది నేల చెబుతుంది. పుంజు రెట్ట జె అక్షరంలా పొడవుగా వంగి ఉంటుంది, పెట్టది చుట్టుకుని ముద్దగా. ఆకులు ఒకవైపుకు గీరి మట్టి బయటపడితే టర్కీ, ముక్కుతో ఎత్తి పల్లం చేసి ఉంటే పంది. పొడి మట్టిలో పళ్లెం లాంటి గుంటలు, పక్కన ఈకలు కనిపిస్తే దుమ్ము స్నానం చేస్తున్నాయి. ట్రైల్ కెమెరాను (జంతువు కదిలితే తానే ఫొటో తీసేది) జింకల కోసం కట్టినట్టు ఛాతీ ఎత్తున కట్టొద్దు. రెండడుగుల ఎత్తున, ఉత్తరం వైపు తిప్పి పెడితే సూర్యుడు కంట్లో పడడు.

అసలు లెక్క జూలై, ఆగస్టుల్లో. పెట్టలు ఎన్ని, పిల్లలు ఎన్ని అని తేదీతో రాసి పెట్టుకోండి. పెట్టలు వస్తూ పిల్లలు కనిపించకపోతే ఇంకో మడి వేయడం వల్ల ఉపయోగం ఉండదు. గూళ్లకూ పిల్లలకూ మరుగు చాలట్లేదు. ఆ శీతాకాలం జనవరి, ఫిబ్రవరుల్లో మడి పక్కన 30-50 అడుగుల వెడల్పు పట్టీని ఏ విత్తనమూ చల్లకుండా డిస్కు తిప్పి వదిలేయండి. రాగ్‌వీడ్ లాంటి స్థానిక మొక్కలు వాటంతట అవే లేస్తాయి, వాటి కింద పిల్లలకు పురుగులూ నీడా దొరుకుతాయి. మరుసటి ఏడు ఇంకో పట్టీ.

ఈ పరిశీలనకు వెళ్లిన ప్రతిసారీ ప్యాంటు సాక్సుల్లో దోపుకోండి, బట్టలకు పెర్మెత్రిన్ అనే పురుగుమందు కొట్టుకోండి, ఇంటికి రాగానే ఒళ్లంతా పిడుదుల (టిక్స్) కోసం వెతుక్కోండి. ఇక్కడి లోన్ స్టార్ పిడుదు కుడితే కొందరికి మేక, గొడ్డు, పంది లాంటి జంతువుల మాంసం పడకుండా పోతుంది.

మూడో ఏడు నుంచి

లాడినో మడి బాగా చూసుకుంటే మూడు నుంచి ఐదేళ్లు ఉంటుంది. క్లోవర్ ఏటా పోగుచేసిన నత్రజనికి గడ్డి లేవడం మొదలవుతుంది. సగం పైన గడ్డే అయినప్పుడు మందులతో పోరాడొద్దు. ఆ నత్రజనిని గోధుమకో అండుకొర్రలకో ఒక ఏడాది తినిపించి, మళ్లీ మట్టి పరీక్ష చేయించి, ఆ శరదృతువులో క్లోవర్‌కు తిరిగి రండి. ఎకరం చోటు ఉన్నవాళ్లు మొదటి నుంచే రెండు అర ఎకరాలుగా విడదీసి, ఒకటి తిరగవేసే ఏడు రెండోది పచ్చగా ఉండేలా చూసుకుంటే గుంపు ఇంకో పొలానికి మరలదు.